ఫీనిక్స్ ఎండలో చెట్టును నిలబెట్టడం

2014లో అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇల్లు కొన్నాక పెరట్లో మేం పెట్టిన మొదటి చెట్టు సిస్సూ. ఇది ఇండియా చెట్టని నర్సరీలో చెప్పగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. మంచాలూ బీరువాలూ చేసే మన శీశం కర్ర చెట్టే అది. అశోకవనంలో సీతమ్మ కూర్చున్న శింశుప ఇదేనని కొందరు అంటారు కూడా. ఇంక ఆలోచించేదేముంది, గోడకు ఆరడుగుల దూరంలో పెట్టేశాం. మూడేళ్లకే ఇంటి కప్పును దాటింది. వచ్చినవాళ్లంతా నీడ చూసి మెచ్చుకున్నారు. ఐదో ఏడు వసారాలో పరిచిన ఇటుకలు ఒక్కొక్కటే పైకి లేవడం మొదలైంది. కాంపౌండ్ గోడకు బీట వచ్చింది. పక్కింటివాళ్ల పెరట్లో దాని పిలకలు మొలిచాయి. చివరికి చెట్టు కొట్టించి, వేళ్లు తవ్వించి, ఇటుకలు మళ్లీ పరిపించడానికి అయిన ఖర్చు చెట్టు ధరకు పది రెట్ల పైనే.

అప్పటినుంచి కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఎవరైనా "ఏ చెట్టు పెట్టమంటారు?" అని అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు నీళ్లు ఎలా పెడుతున్నారో అడుగుతాను. ఎందుకో చెబుతాను కానీ, ముందు ఈ ఊరి సంగతి.

నాది అనంతపురం జిల్లా. కరువు సీమలో పుట్టినదాన్ని, ఎండ గురించి నాకొకరు చెప్పాలా అనుకునేదాన్ని. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఫీనిక్స్‌లో అందులో మూడో వంతు, 180 దాకా. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు, లేదా అంతకు పైనే ఉంది. పగటి ఎండ ఒక ఎత్తు, రాత్రి చల్లబడకపోవడం ఒక ఎత్తు. మనకు మే నెల దాటితే ఏదో ఒక రోజు మబ్బు పట్టి గాలి మారుతుంది. ఇక్కడ జులై చివరికి వచ్చినా గోడ మీద చెయ్యి పెట్టలేం. మళ్లీ డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాముల్లో మంచు గడ్డకట్టే చలి. మన ఊళ్లో చెట్టుకు ఒక్క శత్రువైతే ఇక్కడ ఇద్దరు.

ఇక నేల. చాండ్లర్, గిల్బర్ట్ వైపు చాలా ఇళ్లు ఒకప్పటి పత్తి, అల్ఫాల్ఫా గడ్డి పొలాల్లో కట్టినవి కాబట్టి బంకమన్ను ఎక్కువ. కొన్నిచోట్ల ఒకటి రెండు అడుగుల కింద కలిచీ అని తెల్లటి పొర తగులుతుంది. సున్నం పేరుకుని రాయిలా గట్టిపడ్డ పొర అది. నీరు దిగదు, వేరు దిగదు. ఎక్కడ చూసినా నేలలో క్షారం ఎక్కువ.

ఇప్పుడు చెట్ల ఎంపిక. మొదట చూడాల్సింది పేరు కాదు, చోటు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఇంటి ఏ గోడ మాడుతోందో ఒక రోజు కూర్చుని చూడండి. అది పడమటి గోడే అయి ఉంటుంది. అటువైపు నీడ పడేలా ఒక్క చెట్టు పెడితే పెరట్లో ఇంకెక్కడో నాలుగు చెట్లు పెట్టినంత. గోడకూ పునాదికీ కనీసం 12 నుంచి 15 అడుగులు వదలండి. "ఇప్పుడింత చిన్న మొక్కకు అంత దూరమా" అని అనిపిస్తుంది. మాకూ అనిపించింది.

నేను కళ్లు మూసుకుని పెట్టమని చెప్పే చెట్టు పాలో వెర్డె. అరిజోనా రాష్ట్ర వృక్షం అదే. ఆకులు చూస్తే వేలిగోరంత కూడా ఉండవు, మరి బతికేదెట్లా అంటే దాని కాండమే పచ్చగా ఉంటుంది, బెరడే ఆకు పని చేస్తుంది. నీళ్లు మరీ కరువైతే ఆకులు రాల్చేసి బెరడుతో కాలం గడుపుతుంది. నర్సరీలో 'డెజర్ట్ మ్యూజియం' అనే రకం అడగండి. మూడు రకాల పాలో వెర్డెలు కలిసిన సంకరం, ముళ్లుండవు, తొందరగా పెరుగుతుంది. వసంతంలో చెట్టంతా పసుపు పూలే, ఉగాది రోజుల్లో వాకిలి నిండా పసుపు చల్లినట్టుంటుంది. స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా పెట్టుకోవాలి, ఆ పూలన్నీ నీళ్లలోనే.

మెస్కీట్ చెట్టు చూస్తే రాయలసీమవాళ్లకు మొదట ఒళ్లు మండుతుంది. మన పొలాలను మింగిన సర్కారు తుమ్మ దీని చుట్టమే. మా నాయన మొదటిసారి ఇక్కడికొచ్చి వీధి పొడుగునా వరసగా నాటిన మెస్కీట్‌లు చూసి, "డబ్బులిచ్చి కంప చెట్లు నాటించుకుంటారా వీళ్లు?" అన్నాడు. కానీ దసరాకు మనం పూజించే జమ్మి కూడా ఈ కుటుంబానిదే, ఆ సంగతి చెబితే కాస్త మెత్తబడ్డాడు. ఈ ఎడారిలో పుట్టిన వెల్వెట్ మెస్కీట్ నీడకు మంచిది, నిదానంగా గట్టిగా పెరుగుతుంది. తొందరగా పెరుగుతుందని చిలీ రకం సంకరాలు ఎక్కువ అమ్ముతారు. నీళ్లెక్కువైతే వాటి కొమ్మలు బరువెక్కుతాయి, వేళ్లు మాత్రం పైపైనే ఉంటాయి. దాని ఫలితం కింద చెబుతాను.

ఎడారి విల్లో మాకు వంటింటి కిటికీ ముందుంది. పేరు విల్లో గానీ ఆ జాతి కాదు. వేసవంతా గులాబీ, ఊదా రంగు గొట్టాల పూలు పూస్తుంది, తేనెపిట్టల్లాంటి బుజ్జి హమ్మింగ్ పక్షులు వాలుతుంటాయి. చలికాలం ఆకు రాలుస్తుంది కాబట్టి అప్పుడు ఎండ ఇంట్లోకి వస్తుంది. ఐరన్‌వుడ్ మహా నిదానం, దాని కర్ర నీళ్లలో వేస్తే మునుగుతుంది. పిల్లల కోసం పెడుతున్నామనుకుంటేనే పెట్టండి. సిస్సూ, మర్రి జాతి ఫైకస్ చిన్న పెరళ్లకు వద్దు. ఇది నా కడుపుమంట అనుకున్నా సరే.

నర్సరీలో పెద్ద పెట్టెలో ఉన్న పెద్ద చెట్టు మీద మోజు పడకండి. 15 గ్యాలన్ల కుండీలోది చాలు. చిన్నది త్వరగా వేరుకుని మూడు నాలుగేళ్లలో పెద్దదాన్ని అందుకుంటుంది, ధర మాత్రం ఎంతో తక్కువ. కొనేముందు చెట్టుకు కట్టిన కర్ర కట్లు విప్పి చూపించమనండి. కట్టు విప్పగానే నేలకు వాలిపోయే చెట్టును అక్కడే వదిలేయండి. కుండీలోంచి కాస్త పైకి లాగి వేళ్లు చూడండి. చుట్టలు చుట్టుకుని గడ్డలా ఉంటే అది ఎన్నాళ్లుగానో ఆ కుండీలోనే ఉన్నట్టు. ఇక్కడి కరెంటు సంస్థ సాల్ట్ రివర్ ప్రాజెక్ట్ తన వినియోగదారులకు ఒక క్లాసు చెప్పి ఉచితంగా నీడ చెట్లిచ్చే పథకం పెట్టింది. మా పాలో వెర్డె అలా వచ్చిందే. మీరు ఆ పరిధిలో ఉంటే కనుక్కోండి. ఇల్లు హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, కింద ఉంటే వాళ్ల చెట్ల జాబితా కూడా ముందే చూసుకోండి. మా వీధిలో ఒకాయన ముందు వాకిట్లో మునగ పెట్టి, ఉత్తరం వచ్చాక తీసేశాడు.

ఎప్పుడు నాటాలి అంటే అక్టోబరు, నవంబరు. పైన చల్లబడినా నేలలో వేడి మిగిలి ఉంటుంది, వేసవి వచ్చేలోపు వేళ్లు ఆరు నెలలు పరుచుకుంటాయి. రెండో అవకాశం ఫిబ్రవరి చివర, మార్చి. నిమ్మ, నారింజ లాంటి చలికి తట్టుకోలేనివి అప్పుడే నాటాలి. మే తర్వాత నాటితే మీరు చెట్టు పెట్టినట్టు కాదు, నర్సు పనికి కుదురుకున్నట్టు.

గుంత తవ్వేముందు 811కు ఫోన్ చేయాలి. ఉచితం, తవ్వడానికి రెండు పనిదినాల ముందు చెబితే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గీసి వెళతారు. తర్వాత గుంత వెడల్పు వేళ్ల ముద్దకు మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి, లోతు మాత్రం ఆ ముద్ద ఎంతో అంతే. మనవైపు లోతు గుంత తీసి పశువుల ఎరువు నింపి పెడతాం కదా, ఇక్కడి ఎడారి చెట్లకు అది పనికిరాదు. గుంతలో మెత్తటి ఎరువు మన్ను ఉంటే వేరు ఆ సుఖం వదిలి బయటికి రాదు. తీసిన మట్టినే తిరిగి పోయండి.

2018 నవంబరులో మా పాలో వెర్డె గుంత తవ్వింది నాయనే. పార దిగలేదు. పక్కింటాయన దగ్గరున్న గడ్డపార లాంటి కడ్డీ తెచ్చిచ్చాం. అడుగున్నర దిగాక 'ఠంగ్' మంది. మట్టి చేత్తో తోస్తే కింద తెల్లగా, పాత గచ్చులా ఉంది. వేలితో గీస్తే పిండి రాలింది. నాయన దాన్ని నాలుక మీద పెట్టుకుని, "సున్నమే" అన్నాడు. గుంత నిండా నీళ్లు పోసి సాయంత్రం వదిలేశాం. తెల్లారి చూస్తే సగం నీళ్లు అలాగే ఉన్నాయి. ఇరవై నాలుగు గంటల్లో నీరు ఇంకని గుంతలో చెట్టు పెడితే అది నీళ్ల కుండలో పెట్టినట్టే. పక్కకు జరగడానికి మాకు చోటు లేదు. ఆయన గుంత అడుగున ఒక పక్కగా బొరియ మొదలెట్టాడు. రెండు పూటలు పట్టింది. తెల్ల పొర మందం జానెడు. అది దాటి ఎర్రమట్టి వచ్చాక మళ్లీ నీళ్లు పోస్తే గుడగుడమంటూ ఆ బొరియలోంచి దిగిపోయాయి. ఆ రోజు ఆయన మొహం చూడాలి, బోరులో నీళ్లు పడినట్టే.

నాటేటప్పుడు కుండీలో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టానికి ఉండాలి, మొదలు కప్పకూడదు. నర్సరీ కర్ర తీసేసి, అవసరమైతే రెండు పక్కలా దూరంగా రెండు గుంజలు పాతి వదులుగా కట్టండి. గాలికి చెట్టు కాస్త ఊగాలి, ఊగితేనే మొదలు లావెక్కుతుంది. ఏడాది తిరిగేలోపు గుంజలు తీసేయండి. ఎడారి అంచున ఉన్న కాలనీల్లో కుందేళ్లు లేత బెరడు కొరుకుతాయి, చుట్టూ కోళ్ల జాలి పెట్టండి.

ఇప్పుడు నీళ్లు. అసలు విషయం ఇదే, ఇక్కడ ఎంతసేపైనా కూర్చుంటాను.

ఇల్లు కొన్నప్పుడు తోటకు డ్రిప్ టైమర్ పెట్టి ఇచ్చారు, రోజూ పొద్దున పది నిమిషాలు. మేం నాలుగేళ్లు దాన్ని ముట్టుకోలేదు. నాయన వచ్చిన రెండో రోజు లుంగీ కట్టుకుని పెరట్లో నిలబడి ఆ డ్రిప్పర్ల వైపు పది నిమిషాలూ చూశాడు. బొట్టు బొట్టుగా కారి ఆగిపోయాయి. "ఏంది పాపా ఇది? చెట్టుకు నీళ్లు పోస్తాండారా, ఉమ్ముతాండారా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఎడారి కదా నాయనా, నీళ్లు పొదుపు చేయాలి అన్నాను. ఆయన ఏమీ అనకుండా గరాజ్‌లోకి వెళ్లి, విరిగిన గొడుగు కడ్డీ ఒకటి తెచ్చి డ్రిప్పర్ పక్కన గుచ్చాడు. నాలుగు అంగుళాలు దిగి ఆగిపోయింది. "ఇంతే పదును. చెట్టు వేరు కూడా ఇంతే."

శనక్కాయ పండించే ఊళ్లో పుట్టి ఆ మాట నేను మర్చిపోయాను. మా ఊళ్లో వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లు పడిందని ఎవరూ అడగరు, "ఎంత పదునైంది?" అంటారు, అంటే తడి ఎంత లోతు దిగిందని. జానెడు పదునా, మూరెడు పదునా. దాన్నిబట్టే విత్తనం. ఇక్కడ తోటపని చెప్పేవాళ్లు సాయిల్ ప్రోబ్ అని అమ్మేది కూడా అదే, మూడడుగుల ఇనుప కడ్డీ, చివర పిడి. పదును ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగుతుంది. కొనాలనుకుంటే కొనండి, పొడుగాటి స్క్రూడ్రైవర్ అయినా సరే మొక్కలకు సరిపోతుంది.

లెక్క గుర్తుంచుకోవడం సులువు. కాక్టస్, నేల మీద పాకేవాటికి ఒక అడుగు పదును, పొదలకు రెండడుగులు, చెట్లకు మూడడుగులు. మరీ పట్టింపుగా చెప్పాలంటే చెట్లకు 24 నుంచి 36 అంగుళాలు. ప్రతిసారీ ఆ లోతుకు నీరు దిగేదాకా పెట్టాలి, తర్వాత చాలా రోజులు ఆపేయాలి. ఎంతసేపు పెట్టాలన్నది మీ నేలను బట్టి. ఒకసారి పెట్టి, మర్నాడు కడ్డీ గుచ్చి చూడండి. మా బంకమట్టిలో, ఆరు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు రెండు గ్యాలన్లు, మూడు గంటలు పెడితే రెండడుగులు దాటింది. అంటే తడవకు 36 గ్యాలన్లు.

అంత నీళ్లా అని మా ఆయన లెక్క తీశాడు. పాత పద్ధతిలో అవే ఆరు డ్రిప్పర్లు రోజూ పది నిమిషాలంటే రోజుకు రెండు గ్యాలన్లు, ఏడాదికి 730. కొత్త పద్ధతిలో మే నుంచి సెప్టెంబరు దాకా 15 రోజులకోసారి, అంటే పది తడులు. మిగతా ఏడు నెలలు మూడు వారాలకోసారి, ఇంకో పది. ఇరవై తడులు, 36 చొప్పున 720. నీళ్లు అవే! ఒకటి నాలుగంగుళాల్లో ఆవిరైపోయింది, ఇంకోటి చెట్టుకు దక్కింది.

నిలదొక్కుకున్న ఎడారి చెట్లకు మామూలుగా చెప్పే లెక్క ఇది. వేసవిలో వారం నుంచి మూడు వారాలు, వసంతంలోనూ శరత్కాలంలోనూ రెండు నుంచి నాలుగు వారాలు, చలికాలం నెల నుంచి రెండు నెలలకోసారి. నిమ్మ, నారింజ లాంటి వాటికి వేసవిలో వారం పది రోజులకోసారి తప్పదు. కొత్తగా నాటినదాని సంగతి వేరు, పసిబిడ్డ పాల లెక్క. మొదటి రెండు వారాలు రోజూ లేదా రోజు విడిచి రోజు, తర్వాత రెండు వారాలు మూడు నాలుగు రోజులకోసారి, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు రోజులకు, రెండో నెల చివరికి వారానికోసారి. ఎడారి చెట్టు నిలదొక్కుకోవడానికి మూడేళ్ల దాకా పడుతుంది, పొదలకు ఏడాది.

ఇంకో తప్పు దాదాపు అందరూ చేసేది. నాటినప్పుడు మొదట్లో పెట్టిన డ్రిప్పర్లను పదేళ్లైనా అక్కడే ఉంచుతారు. చెట్టు నీళ్లు తాగేది మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచు దగ్గర. కొమ్మలు ఎంత చాచితే డ్రిప్పర్లను అంత బయటికి జరపాలి, సంఖ్య పెంచాలి. మన పాది కూడా అంతే కదా, ఏటా కాస్త వెడల్పు చేస్తాం. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లు పడుతుంది.

లోతుగా పెట్టడానికి మరో కారణం ఉప్పు. ఇక్కడి కుళాయి నీళ్లలో లవణాలు ఎక్కువ. కొంచెం కొంచెంగా పెడితే ఆ ఉప్పు వేళ్ల చుట్టే పేరుకుంటుంది, ఆకుల కొసలు గోధుమరంగుకు మాడతాయి. చాలామంది దాన్ని చూసి నీళ్లు చాలలేదని ఇంకో ఐదు నిమిషాలు పెంచుతారు. అవసరమైంది రోజూ ఐదు నిమిషాలు కాదు, ఒక్కసారి ఐదు గంటలు. ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోవాలి.

ఇక మెస్కీట్ సంగతి. టక్సన్ దగ్గర ఒక గనిలో మెస్కీట్ వేరు 160 అడుగులకు మించిన లోతున కనిపించింది. అదే చెట్టు మా వీధి చివరింట్లో, రోజూ పది నిమిషాల డ్రిప్‌తో పచ్చిక పక్కన పెరిగి, 2021 ఆగస్టు గాలివానకు వేళ్లతో సహా పెకలించుకుని కారు మీద పడింది. పొద్దున వెళ్లి చూశాను. అంత చెట్టుకు వేళ్ల పళ్లెం ఒక అడుగు మందం కూడా లేదు, దోసె తిరగేసినట్టుంది. ఇక్కడ మాన్‌సూన్ జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా అని లెక్క. దుమ్ము గోడలా లేచి వస్తుంది, దాని వెనకే ఈదురుగాలి. కాబట్టి జూన్ మొదట్లోనే ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండు కొమ్మలు తీసేసి గాలికి దారివ్వండి. నాలుగో వంతుకు మించి కోయొద్దు. తోటపనివాళ్లు గొడుగులా గుండ్రంగా కత్తిరించేస్తామంటారు, ఒప్పుకోకండి. నీడలో పెరిగిన బెరడు ఒక్కసారి ఎండకు బయటపడితే కాలి పగులుతుంది. నిమ్మ జాతికి కింది కొమ్మలు నేల దాకా ఉంచండి, బయటపడిన కాండానికి నీళ్లు కలిపిన తెల్ల లేటెక్స్ పెయింట్ (గోడలకు వేసేది) వేయండి.

కాక్టస్ గురించి రెండు మాటలు. ఎడారిలోంచి అనుమతి లేకుండా తవ్వి తెచ్చుకోవడం నేరం, సగ్వారో అనే నిలువెత్తు కాక్టస్‌కైతే ప్రభుత్వ ట్యాగు ఉండాలి. దానికి మొదటి చెయ్యి, అంటే పక్క కొమ్మ, రావడానికే 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ చట్టం న్యాయమే. కొన్నదాన్ని నాటేటప్పుడు దక్షిణం వైపు ఏదో నర్సరీలో గుర్తు పెట్టించుకుని ఆ వైపే తిప్పి నాటండి, లేకపోతే అలవాటు లేని పక్క ఎండకు కమిలిపోతుంది. నాటగానే నీళ్లు పోయకండి, తెగిన వేళ్లు మానడానికి ఓ వారం ఆగండి. నాగజెముడు మీద దూది అంటుకున్నట్టు తెల్లగా కనిపిస్తే నలిపి చూడండి, వేళ్లు కుంకుమ ఎరుపైతే అది కొచినీల్ పురుగు. మందులక్కర్లేదు, గొట్టంతో గట్టిగా నీళ్లు కొడితే పోతుంది. చోయా అనే ముళ్ల కాక్టస్ పక్కన పనిచేసేటప్పుడు జేబులో దువ్వెన ఉంచుకోండి. ముక్క అంటుకుంటే చేత్తో లాగకండి, దువ్వెన పళ్లు దూర్చి ఒక్క విసురు. మా అక్క కొడుకు చేత్తో లాగి రెండో చెయ్యి కూడా అంటించుకున్నాడు.

మన మొక్కలు లేకుండా మనకు తోట ఉండదు, అది నాకు తెలుసు. దానిమ్మ, అంజూర, రేగు ఈ ఎండకు పుట్టినట్టే కాస్తాయి. నిమ్మ బాగా వస్తుంది గానీ చలికి అన్నిటికన్నా ముందు దెబ్బతినేదీ అదే. నిమ్మ జాతికి ఎరువు ఏడాదికి మూడుసార్లు: ఫిబ్రవరి మధ్య, మే, ఆగస్టు చివర. మునగ వేసవిలో ఇంటి కప్పు దాటుతుంది, జనవరి చలికి నల్లబడి చచ్చినట్టుంటుంది. మార్చిలో మూడడుగులకు కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది. మల్లెకు పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. క్షారం నేలలో ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని, చిలేటెడ్ ఐరన్ (వేరు తీసుకోగలిగే రూపంలోని ఇనుము) వేయండి. ఊరికే యూరియా చల్లితే పోదు.

కరివేపాకు కుండీలోనే పెంచండి. తూర్పు గోడ పక్కన, చలికాలం లోపల కిటికీ దగ్గర. ఇండియా నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ సూట్‌కేస్‌లో తేవొద్దు. అమ్మ పెట్టింది కదా అని తెచ్చి విమానాశ్రయంలో టెన్షన్ పడిన వాళ్లలో నేనూ ఉన్నాను. నిమ్మ తోటలను చంపే జబ్బును మోసే పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఇల్లు, అందుకే నిషేధం. ఇక్కడి నర్సరీల్లోనే దొరుకుతుంది.

మంచు పడుతుందన్న రాత్రి మొక్కల మీద పాత దుప్పటి నేల దాకా కప్పండి. ప్లాస్టిక్ వద్దు, తగిలినచోట ఆకు మాడుతుంది. పొద్దున తీసేయాలి. నేల ముందురోజు తడిగా ఉంటే వేడి నిలుస్తుంది. చలికి కాలిన కాగితం పూల తీగ ఎంత అసహ్యంగా కనిపించినా ఫిబ్రవరి చివరిదాకా కోయకండి, ఆ ఎండు కొమ్మలే లోపలి చిగురుకు దుప్పటి.

నాయన ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. ఆదివారం వీడియో కాల్ చేస్తే పిల్లల తర్వాత పాలో వెర్డెను చూపించమంటాడు. ఇప్పుడది పాతిక అడుగులు. టైమర్ మార్చే రోజుల్ని ఫోన్‌లో పెట్టుకున్నాను, మే 1, అక్టోబరు 1. పోయిన అక్టోబరులో మార్చడం మర్చిపోయి పదో తారీకున గుర్తొచ్చింది. కడ్డీ తీసుకెళ్లి చెట్టు నీడ అంచున గుచ్చి, ఫోన్ కిందికి తిప్పి చూపించాను.

"ఎంత పదును?"

"రెండడుగులు దాటింది నాయనా."

"అయితే ఇంకో పదిరోజులు ముట్టుకోవద్దు."